సినిమా బయటి పాట: సొంతంగా రిలీజ్ చేస్తున్న పాప్-రాక్ వాళ్లలో ఈమధ్య ఎవరిని విన్నారు?

తీగలమోత (విజయవాడ)

సినిమా పాటల గురించి రోజూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈసారి సినిమాతో సంబంధం లేకుండా పాట రాసుకుని, బాణీ కట్టుకుని, సొంతంగానో చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) ద్వారానో రిలీజ్ చేస్తున్న పాప్-రాక్ వాళ్ల గురించి చెప్పుకుందాం. ఏ దేశమైనా, ఏ భాషైనా సరే. 2024 తర్వాత వచ్చినవైతే మంచిది. లింకు పెట్టి వదిలేయకుండా ఎందుకు నచ్చిందో కూడా నాలుగు ముక్కలు రాయండి.

ముందు నావి. అమెరికా గాయని క్లైరో ఆల్బమ్ 'చార్మ్', 2024 జులైలో వచ్చింది. ఆమె అంతకుముందు ఆల్బమ్ పెద్ద కంపెనీ చేతి మీదుగా వచ్చింది, ఇది మాత్రం సొంతంగా తెచ్చుకుంది. లియాన్ మైకల్స్ అనే ప్రొడ్యూసర్‌తో కలిసి, వాద్యకారులందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి టేపు మీద రికార్డ్ చేశారు. ఆమె ఎక్కడా గొంతు పెంచదు. డ్రమ్స్ మెత్తగా, ఫ్లూటు వెనక నుంచి, పాత కీబోర్డు పక్కన. మొదటిసారి విన్నప్పుడు పాటలన్నీ ఒకేలా అనిపిస్తాయి. మూడోసారికి ఒక్కో పాట విడివిడిగా తెలుస్తుంది. హెడ్‌ఫోన్స్‌తో రాత్రిపూట వినండి.

రెండోది మన దేశందే. ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కో. వాళ్ల 'బీటా', 2024 ఆగస్టు. సూర్యకాంత్ సాహ్నీ గొంతు యాభైల నాటి రేడియో గాయకుడిలా నిదానంగా పోతుంది, దాని చుట్టూ బాకాలు, గిటార్లు, డిస్కో బీటు. ఇన్ని రకాలు కలిపినా గందరగోళం లేదు. మన దేశంలో ఇంగ్లీషులో పాడే బ్యాండ్లలో ఎవరినీ అనుకరించకుండా తమ సొంత శబ్దం తెచ్చుకున్నవాళ్లంటే నాకు ముందు వీళ్లే గుర్తొస్తారు.

ఆస్టిన్_ఆంధ్రుడు

మంచి చర్చ మొదలుపెట్టారన్నా. నా ఓటు గాయని ఏడ్రియన్ లెంకర్‌కి. 'బ్రైట్ ఫ్యూచర్', 2024 మార్చి. ఎక్కడా కంప్యూటర్ వాడకుండా అంతా అనలాగ్ టేపు మీదే చేశారు. గిటారు, పియానో, వయొలిన్, నలుగురి గొంతులు. వింటుంటే ఆ గది కూడా వినిపిస్తుంది. ఆమె పాట రాసే తీరు చూడండి: అమ్మ, పాత కుక్క, కిటికీ, మంచు. పెద్ద మాటలేవీ ఉండవు, కానీ పాట అయ్యేసరికి కాసేపు మాట్లాడాలనిపించదు. ఆమె బ్యాండ్ బిగ్ థీఫ్ ఆల్బమ్ 'డబుల్ ఇన్ఫినిటీ' 2025 సెప్టెంబర్‌లో వచ్చింది. బేస్ వాయించే మనిషి 2024లో వెళ్లిపోయాక ముగ్గురే మిగిలారు. ఆ లోటు దాచుకోకుండా బయటి వాద్యకారులను చాలామందిని పిలిచి పెద్ద గుంపుగా వాయించారు. నాకు పాత నలుగురి బిగువే ఎక్కువ ఇష్టం. అయినా ఇందులో తాళం ఊగే తీరు కొత్తగా ఉంది.

ఇంకొకటి ఎంజే లెండర్‌మన్ 'మానింగ్ ఫైర్‌వర్క్స్' (2024 సెప్టెంబర్). నార్త్ కరోలినా కుర్రాడు. గిటారు కాస్త శ్రుతి జారినట్టే ఉంటుంది, గొంతు అలసిపోయినట్టు ఉంటుంది. మాటలు మాత్రం కథకుడివి. ఓడిపోయిన మగవాళ్ల గురించి ఇంత జాలిగా, ఇంత నిజంగా రాసినవాళ్లు ఈమధ్య తక్కువ. ఇక్కడ లైవ్‌లో చూశాను. రికార్డు కంటే రెండింతలు పెద్ద శబ్దం, పాటలో బాధ మాత్రం అంతే ఉంది.

నిజాంపేట_డ్రమ్మర్

గీస్. బ్రూక్లిన్ బ్యాండ్, 'గెటింగ్ కిల్డ్', 2025 సెప్టెంబర్. డ్రమ్స్ వాయించేవాళ్లు తప్పకుండా వినాలి. మ్యాక్స్ బాసిన్ బీటును ముక్కలు చేసి మళ్లీ అతికిస్తాడు. స్నేర్ (టపటపా పలికే చిన్న డ్రమ్) మనం అనుకున్న చోట పడదు, అయినా పాట కాలు జారదు. పాడే కామెరాన్ వింటర్ అంతకుముందు 2024 డిసెంబర్‌లో ఒంటరిగా 'హెవీ మెటల్' తెచ్చాడు. పేరు చూసి భయపడకండి, అది పియానో ముందు కూర్చుని గొంతు వణుకుతూ పాడిన ఆల్బమ్. కొందరికి ఆ గొంతు అస్సలు పడదు. మా బ్యాండ్‌లోనే దాని మీద గొడవలు జరిగాయి. రెండుసార్లు విని వదిలేయకండి, అంతే నా మనవి.

కొత్తశ్రోత

ఒక సందేహం అండీ. లెంకర్ 4ఏడీ, లెండర్‌మన్ యాంటీ, గీస్ పార్టిజన్. ఇవన్నీ కంపెనీలే కదా. మరి వీళ్లను ఇండిపెండెంట్ అని ఎలా అంటాం?

తీగలమోత

@కొత్తశ్రోత మంచి ప్రశ్న. రికార్డుల వ్యాపారంలో యూనివర్సల్, సోనీ, వార్నర్ అనే మూడు పెద్ద కంపెనీలున్నాయి. వాటి కిందికి రాని లేబుల్‌ను ఇండిపెండెంట్ అంటారు. 4ఏడీ బెగర్స్ గ్రూప్‌లో భాగం. మాటడోర్, ఎక్స్‌ఎల్, రఫ్ ట్రేడ్ కూడా ఆ గూటివే. యాంటీ అనేది ఎపిటాఫ్‌కి తోబుట్టువు. ఎపిటాఫ్‌ను పెట్టింది బ్యాడ్ రెలిజియన్ అనే పంక్ బ్యాండ్ గిటారిస్టు బ్రెట్ గురెవిట్జ్, అంటే వాయించే మనిషే పెట్టుకున్న కంపెనీ.

కానీ నా దృష్టిలో లేబుల్ ఉందా లేదా అన్నది రెండో మాట. మాస్టర్ (అంటే పాట అసలు రికార్డింగ్) ఎవరి పేరు మీద ఉంది, ఆల్బమ్ ఎప్పుడు రావాలి, అందులో ఏ పాటలుండాలి అన్నది ఎవరు తేలుస్తారు, ఇదే అసలు మాట. అది రాసినవాళ్ల చేతిలో ఉంటే చిన్న లేబుల్ తోడున్నా నేను ఇండిపెండెంట్ అనే అంటాను. లేదంటే ఇంట్లో రికార్డ్ చేసిన పాటైనా పరాయి సొత్తే.

హక్కుల_పద్దు (హైదరాబాద్)

తీగలమోత గారు చెప్పినదానికి రే అనే గాయని కథే సాక్ష్యం. లండన్ అమ్మాయి. 2014లో పెద్ద లేబుల్‌తో నాలుగు ఆల్బమ్‌ల ఒప్పందం మీద సంతకం చేసింది. ఏళ్లు గడిచినా ఒక్క ఆల్బమ్ బయటికి రానివ్వలేదని 2021 జూన్‌లో తనే బహిరంగంగా రాసింది. మరుసటి నెలలోనే విడిపోయింది. తర్వాత సొంతంగా తెచ్చిన సింగిల్ (విడి పాట) 2023 జనవరిలో బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. ఫిబ్రవరిలో మొదటి ఆల్బమ్ 'మై 21స్ట్ సెంచురీ బ్లూస్' వచ్చింది. 2024 బ్రిట్ అవార్డుల్లో ఒకే రాత్రి ఆరు గెలుచుకుంది. అంతకుముందు ఎవరికీ ఒకేసారి ఆరు రాలేదు.

నేనీ కథ చెప్పేది అవార్డుల కోసం కాదు. ఆ మధ్య ఏడేళ్లు ఆమె వేరేవాళ్లకు పాటలు రాసిస్తూ, అతిథిగా పాడుతూ గడిపింది. పాటలు ఆమె దగ్గర ఉన్నాయి, రిలీజ్ చేసే హక్కు మాత్రం లేదు. కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

పాత_క్యాసెట్ (రాజమండ్రి)

పిల్లలందరూ బయటి దేశాల పేర్లు చెబుతుంటే శ్రద్ధగా రాసుకుంటున్నాను, అన్నీ వింటాను. నావంతుగా మన ఇంటి సంగతి ఒకటి చెబుతాను.

సినిమా బయటి పాట మనకు కొత్త కాదు. దాన్ని మనం 'ప్రైవేటు పాట' అనేవాళ్లం. ఘంటసాల గారి 'పుష్పవిలాపం' సినిమా కోసం చేసింది కాదు, అయినా అది మోగని ఊరు లేదు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబర్‌లో మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, పాలగుమ్మి విశ్వనాథం గారు, హైదరాబాదులో చిత్తరంజన్ గారు లలిత సంగీతానికి ఒక తరాన్నే తయారుచేశారు. 'ఈ మాసపు పాట' అని నెలంతా ఒకే కొత్త పాట రేడియోలో నేర్పేవారు. మా ఇంట్లో అక్కలు నోట్‌బుక్కు పట్టుకుని రేడియో ముందు కూర్చునేవారు. కొత్త పాట వినడమే కాదు, ఇంట్లో పాడుకునేవాళ్లం.

తర్వాత క్యాసెట్ల కాలం. రమణ గోగుల గారు సినిమాల్లోకి రాకముందు మిస్టీ రిథమ్స్ పేరుతో బ్యాండ్ పెట్టి తెలుగులో పాప్ ఆల్బమ్ తెచ్చారు. ఆ గొంతు, ఆ గిటారు అప్పట్లో మాకు పెద్ద వింత. 2000 ప్రాంతంలో స్మిత గారి 'హాయ్ రబ్బా' టీవీల్లో మోగిపోయింది. అక్కడితో ఆ వరస ఎందుకు తెగిపోయిందన్నదే నా బాధ. హిందీలో ప్రతీక్ కుహాడ్, అనువ్ జైన్ లాంటివాళ్లు కేవలం సొంత పాటలతో పెద్ద పెద్ద కచేరీల దాకా వెళ్లారు. మలయాళంలో అవియల్ వాళ్లు 2008లోనే పూర్తి మలయాళ రాక్ ఆల్బమ్ తెచ్చారు. కన్నడ గాయకుడు రఘు దీక్షిత్ అదే ఏడాది తన మొదటి ఆల్బమ్ తెచ్చాడు. మనకు జనం ఎక్కువ, గొంతులు ఎక్కువ, కవులకు కొదవ లేదు. పది పాటలున్న తెలుగు రాక్ ఆల్బమ్ ఒకటి చెప్పమంటే మాత్రం ఆలోచించాల్సి వస్తోంది.

వరంగల్_వాయిస్

పెద్దాయన మాట కాదనను గానీ, ఒక సంగతి మీరందరూ వదిలేస్తున్నరు. తెలంగాణల సినిమాతోని పని లేకుండ నడుస్తున్న పాటల పరిశ్రమ ఇప్పటికే ఉంది. యూట్యూబ్‌ల వచ్చే ఫోక్ సాంగ్స్. రాసేటోళ్లు, పాడేటోళ్లు, డ్యాన్స్ చేసేటోళ్లు, కెమెరా పట్టేటోళ్లు, అందరూ కరీంనగర్, వరంగల్, సిరిసిల్ల దిక్కు పోరగాళ్లే. పెండ్లి బరాత్‌ల, బతుకమ్మ కాడ, డీజేల ఆ పాటలే. కోట్లల్ల చూస్తున్నరు. ఇండిపెండెంట్ అంటే గిటార్ ఉండాల్నని ఎవరన్నరు?

కష్టం ఏంటిదంటే, చాలా కాడ చానెల్ ఓనర్‌ది ఒక లెక్క, పాడినోళ్లది ఒక లెక్క. పాడినోళ్లకు ఒక్కసారి పైసలిస్తరు, తర్వాత పాట ఎంత నడిచినా చానెల్‌కే. రాసినాయన పేరు వివరాల్ల కింద ఎక్కడనో చిన్నగ ఉంటది. హక్కుల_పద్దు గారు చెప్పిన రే కథ లండన్ల ఒక్కతే అమ్మాయిది. గసొంటి కథలు మా దిక్కు ఊరికి నాలుగు దొరుకుతయి.

నిజాంపేట_డ్రమ్మర్

వరంగల్_వాయిస్ అన్నా, వంద శాతం. ఈ రెండు లోకాలు కలిసిన చోటే మన దగ్గర మంచి పాట పుట్టింది. చౌరస్తా బ్యాండ్ చూడండి. పల్లె మాట, రెగే అనే జమైకా తాళం. 'మాయ', 'ఊరెళ్ళిపోతా మామ' విన్నప్పుడు ఇది తెలుగులో ఇంత సహజంగా కుదురుతుందా అని ఆశ్చర్యపోయాను. రెగేలో గిటారు బీటు మీద కాకుండా బీటుకీ బీటుకీ మధ్య పడుతుంది, దాంతో మాటకు చోటు దొరుకుతుంది. 2020లో కరోనా మొదలైనప్పుడు వాళ్లు చేసిన 'చేతులెత్తి మొక్కుతా' ప్రతి ఫోనులోనూ మోగింది.

ఆ తర్వాత ఆ బ్యాండ్‌లో పాడే రామ్ మిరియాల గారిని సినిమా తీసుకుంది. 'జాతిరత్నాలు'లో చిట్టి పాట, 'డీజే టిల్లు' టైటిల్ పాట అందరికీ తెలిసినవే. ఆయన ఎదుగుదల చూస్తే సంతోషమే. ఒక బ్యాండ్‌గా వాళ్ల నుంచి ఇంకో రెండు ఆల్బమ్‌లు రావాల్సిందన్న ఆశ మాత్రం నాకు పోలేదు.

అలల_సవ్వడి (విశాఖ)

చదువుతూ ఊరుకుందామనుకున్నాను గానీ పాత_క్యాసెట్ గారి ప్రశ్న నన్ను ఊరుకోనివ్వలేదు. తెలుగులో రాక్ పాట రాయడం ఎక్కడ కష్టమో రాసేదాన్ని కాబట్టి చెబుతాను.

మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అదీ చాలాసార్లు పొట్టి అచ్చుతో. నువ్వు, నేను, రాత్రి, వచ్చాడు, ఇల్లు. రాక్ కోరస్‌లో వరస చివర గొంతు పైకెత్తి ఒక స్వరాన్ని పట్టి నిలబెట్టాలి. 'నువ్వు'ని అలా నిలబెడితే 'నువ్వూ' అవుతుంది, అంటే 'నువ్వు కూడా' అని అర్థం మారిపోతుంది. 'రాత్రి'ని లాగితే 'రాత్రీ'. శ్రోత చెవికి ఎక్కడో తేడా కొడుతుంది, ఎందుకో చెప్పలేడు, 'తెలుగులో రాక్ సెట్ కాదు' అనేస్తాడు. సినిమా పాటలో ఈ ఇబ్బంది తక్కువ. ఎందుకంటే అక్కడ లాగాల్సిన చోట గమకం వేస్తారు, లేదంటే వాద్యం అందుకుంటుంది.

నేను చేసేదేమిటంటే, వరస చివర దీర్ఘంతో ముగిసే మాటే పెట్టుకుంటాను. రావా, లేవా, పోదామా, అక్కడే, ఇంకా. లేదంటే సున్నతో ముగిసేవి: దూరం, పోదాం, చూద్దాం. సున్న దగ్గర పెదవులు మూసి స్వరాన్ని పట్టుకోవచ్చు, హమ్మింగ్‌లోకి జారిపోవచ్చు. అయితే అన్ని వరసలూ 'అం'తో ముగిస్తే సంస్కృతం మాటలు వరుసగా వచ్చిపడతాయి: లోకం, శోకం, మౌనం, గానం. అక్కడ పాట చచ్చిపోతుంది. మాట్లాడే భాషలోని క్రియలు వాడితే బతుకుతుంది.

ఇంకొక సంగతి, మనకున్న ద్విత్వాలు. గుట్ట, చప్పట్లు, ఒక్కడే, కొట్టుకో. ఇవి స్నేర్ మీద పడితే ఏ ఇంగ్లీషు మాటా అంత గట్టిగా పడదు. రెండో బీటు, నాలుగో బీటు మీద ద్విత్వం వచ్చేలా వరస పేర్చుకుంటే డ్రమ్మర్ పని సగం మాటే చేస్తుంది. వరంగల్_వాయిస్ గారు చెప్పిన ఫోక్ పాటలు రాసేవాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. మనలాంటి గిటార్ జనం వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

పాత_క్యాసెట్

అమ్మాయ్ @అలల_సవ్వడి, నీ మాట చదివాక మనసు నిండింది. నువ్వు విశాఖ అన్నావు కాబట్టి మీ దిక్కు మనిషినే గుర్తుచేస్తాను. గురజాడ వారి ముత్యాల సరం మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. 'దేశ, మును ప్రే, మించు, మన్నా' అని చేత్తో తాళం వేసి చూడు. ఏడు లెక్క తిరుగుతుంది. మా మనవడు వినే ప్రోగ్రెసివ్ రాక్‌లో ఏడు బీట్ల తాళాన్ని పెద్ద గొప్పగా చెప్పుకుంటారు. మనకది బడిపిల్లల నోట్లో ఉన్న నడక. ఆ నడకలో నీ సొంత మాటలతో ఒక పాట కట్టు. వినాలని ఉంది.

నిజాంపేట_డ్రమ్మర్

ఇప్పుడే ప్యాడ్ మీద వాయించి చూశాను. మూడు దగ్గర కిక్ (కాలితో వాయించే డ్రమ్), నాలుగు మొదట్లో స్నేర్ పెడితే అద్భుతంగా నడుస్తోంది. తొంభై టెంపోలో ఇంకా బాగుంది. అక్కా, నువ్వు రాస్తే డ్రమ్స్ నావి.

ఆస్టిన్_ఆంధ్రుడు

ఇక్కడి సంగతి ఒకటి కలుపుతాను. సిద్ శ్రీరామ్ పాడిన తెలుగు సినిమా పాటలు రానివాళ్లు మన పార్టీల్లో ఉండరు. అతను 2019లో సొంతంగా తెచ్చిన ఇంగ్లీషు ఆల్బమ్ 'ఎంట్రపీ' విన్నవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2023లో 'సిద్ధార్థ్' వచ్చింది. అది యూనివర్సల్ వాళ్ల డెఫ్ జామ్ ఇండియా ద్వారా, కాబట్టి మన లెక్కలో ఇండిపెండెంట్ కాదు. కానీ కర్ణాటక సంగీతపు గమకాన్ని ఇక్కడి ఇండీ శబ్దంతో కలపడానికి ఒకడు అంత మనసుపెట్టి ప్రయత్నిస్తే మనవాళ్లు పట్టించుకోలేదు. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన రాజకుమారి కూడా సొంత లేబుల్ పెట్టుకుని 2023లో 'ది బ్రిడ్జ్' తెచ్చింది. అందులో ర్యాప్ కంటే పాటే ఎక్కువ. ఇక్కడి తెలుగు సంఘాల సభలకు గాయకులను పిలిచినప్పుడు సినిమా పాటలే పాడమంటారు. ఒక అరగంట వాళ్ల సొంత పాటలకు ఇవ్వమని నేను మా ఊళ్లో అడుగుతూనే ఉన్నాను.

అలల_సవ్వడి

మీరంతా ఇంత ప్రేమగా మాట్లాడుతుంటే అడగాలనిపిస్తోంది. నా ఈపీ, అంటే చిన్న ఆల్బమ్, సిద్ధంగా ఉంది, ఐదు పాటలు. ఒక ఆడియో సంస్థ వాళ్లు ముందుకొచ్చారు. ఒకేసారి కొంత మొత్తం ఇస్తారట. కాగితంలో 'అన్ని హక్కులూ' అని మాత్రమే రాశారు. ఎన్నేళ్లకు, ఏ దేశాలకు అన్నది లేదు. వివరం అడిగితే 'అందరూ ఇలాగే చేస్తారండీ' అన్నారు. రాసింది, బాణీ కట్టింది, పాడింది మూడూ నేనే. మనసు ఒప్పుకోవడం లేదు. ఇంట్లో మాత్రం వచ్చిన అవకాశం పోగొట్టుకోవద్దంటున్నారు.

హక్కుల_పద్దు

@అలల_సవ్వడి తొందరపడి సంతకం చేయకండి. చట్టం మీ వైపు చాలానే ఉంది, అది తెలిస్తే మాట్లాడే ధైర్యం వస్తుంది.

కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లే అని అర్థం. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. వేరేగా రాసుకోనప్పుడు, హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే ఆ హక్కు వాళ్ల దగ్గర ఉండదు. కాబట్టి గడువు లేని ఆ కాగితం వాళ్లనుకుంటున్నంత గట్టిదేం కాదు. ఈ విషయం తెలిసిన సంస్థ ఏదో ఒక రోజు 'శాశ్వతంగా, ప్రపంచమంతా' అని చేర్చి మళ్లీ పంపుతుంది. అప్పుడు ఆ రెండు మాటలు చూసుకోండి.

ఇక ముఖ్యమైనది. 2012 సవరణ తర్వాత పాట రాసినవాళ్లకు, స్వరపరిచినవాళ్లకు రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు ఉంది. సినిమాలో భాగం కాని సౌండ్ రికార్డింగ్‌కి కూడా ఇది వర్తిస్తుంది. హక్కులు బదిలీ చేసినా ఈ వాటా పోదు. ఆ డబ్బు వసూలు చేసి పంచేది ఐపీఆర్ఎస్. 1969లో పెట్టిన సంఘం. మీరు కవయిత్రిగా, స్వరకర్తగా రెండు హోదాల్లోనూ సభ్యత్వం తీసుకోండి, పాటలు నమోదు చేయండి. పాడినందుకు వచ్చే వాటా వేరు, దానికి ఇసమ్రా అనే గాయకుల సంఘం ఉంది. వరంగల్_వాయిస్ గారూ, మీ దిక్కు రాసేవాళ్లకు, పాడేవాళ్లకు కూడా ఈ మాట చేరవేయండి. వాళ్లలో చాలామందికి రావాల్సిన డబ్బు అడిగేవాళ్లు లేక ఆగిపోతోంది.

నన్నడిగితే మాస్టర్ మీ దగ్గరే ఉంచుకుని, మూడు నాలుగేళ్లకు లైసెన్సు (వాడుకునే అనుమతి) మాత్రమే ఇస్తానని చెప్పి చూడండి. ఒప్పుకోకపోతే పాటలను యాప్‌లలో పెట్టించే డిస్ట్రిబ్యూటర్ ద్వారా మీరే రిలీజ్ చేయండి. సంతకం చేసే పక్షంలో మాత్రం కాగితం మొత్తం ఒక వకీలుకి చూపించండి.

వరంగల్_వాయిస్

చెప్తా అన్నా, పక్కా. ఈ పోస్టు ప్రింట్ తీసి మా వాట్సాప్ గ్రూపుల కూడ పెడుతున్న.

కొత్తశ్రోత

శ్రోతలుగా మేమేం చేయాలి? స్పాటిఫైలో రిపీట్‌లో పెడితే వాళ్లకు డబ్బు వెళ్తుందా?

తీగలమోత

వెళ్తుంది గానీ చాలా కొంచెం. 2024 నుంచి ఇంకో నియమం పెట్టారు. ఒక పాట గత పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు వినబడకపోతే ఆ పాటకు రికార్డింగ్ రాయల్టీ ఏమీ రాదు. కొత్తవాళ్లకు మొదటి దెబ్బ అక్కడే. కాబట్టి చిన్న కళాకారుల విషయంలో మీరు వినడం నిజంగానే లెక్కలోకి వస్తుంది. రిలీజ్‌కి ముందే ఆ ఆర్టిస్ట్‌ని ఫాలో అవ్వండి. వాళ్లు కూడా కనీసం ఏడు రోజుల ముందు పాటను స్పాటిఫైకి పిచ్ చేస్తే (పరిశీలనకు పంపితే), ఫాలో అయినవాళ్ల 'రిలీజ్ రాడార్' అనే కొత్త పాటల జాబితాలో అది వస్తుంది.

నేరుగా కొనాలంటే బ్యాండ్‌క్యాంప్. డిజిటల్ అమ్మకాల్లో వాళ్లు 15 శాతం తీసుకుంటారు, మిగతాది చెల్లింపు ఖర్చులు పోగా కళాకారులకే. 2020 మార్చి 20న కరోనా సమయంలో 'బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే' మొదలుపెట్టారు, ఆ రోజుల్లో తమ వాటా కూడా తీసుకోరు. ఆ సంస్థ 2022లో ఎపిక్ గేమ్స్ చేతికి, 2023లో సాంగ్‌ట్రేడర్ చేతికి మారి, ఉద్యోగులు సగం మంది పోయారు. అందుకే దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెబుతాను. మనకింకో చిక్కు ఉంది. బ్యాండ్‌క్యాంప్‌లో డబ్బు కళాకారులకు చేరేది పేపాల్ ద్వారా. ఆ పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి దేశం లోపలి చెల్లింపులు ఆపేసింది. విజయవాడలో ఉన్న నేను విశాఖ అమ్మాయికి ఆ దారిలో డబ్బు పంపలేను. మన దగ్గర అన్నిటికంటే తేలిక యూపీఐ. పాటల ఫైళ్లు మెయిల్‌లో పంపి, క్యూఆర్ కోడ్ పెట్టి, ఇష్టమొచ్చినంత ఇవ్వండని అడిగే బ్యాండ్లు ఉన్నాయి. అలా అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఆస్టిన్_ఆంధ్రుడు

దీనికి సరిగ్గా సరిపోయేది సిండీ లీ 'డైమండ్ జూబిలీ'. కెనడా కళాకారుడు ప్యాట్రిక్ ఫ్లెగల్ ఆ పేరుతో పాడతాడు. 2024 మార్చిలో 32 పాటలు, రెండు గంటల ఆల్బమ్. స్పాటిఫైలో పెట్టలేదు. యూట్యూబ్‌లో ఒకే పొడుగు వీడియోగా పెట్టాడు, పాతకాలం నాటి జియోసిటీస్ వెబ్ పేజీలో డౌన్‌లోడ్ ఇచ్చి తోచినంత ఇవ్వమన్నాడు. జనం వెతుక్కుంటూ వెళ్లారు. అరవైల నాటి ఆడపిల్లల పాప్ బృందాల పాటలు పాడైపోయిన రేడియోలో వస్తున్నట్టుంటుంది. ఒక్క పాట విని తేల్చకండి, రెండు గంటలూ కూర్చోండి. 2025 జులైలో ఆస్ట్రేలియా బ్యాండ్ కింగ్ గిజార్డ్ కూడా స్పాటిఫై నుంచి బయటికొచ్చి, తమ ఆల్బమ్‌లు బ్యాండ్‌క్యాంప్‌లో ఎంతకైనా తీసుకోమంది. వాళ్లకు అప్పటికే శ్రోతలున్నారు, నిజమే. సిండీ లీకి అంత లేదు, అందుకే ఆ ధైర్యం ఇంకా పెద్దదనిపిస్తుంది.

అలల_సవ్వడి

అందరికీ నమస్కారం. సంస్థకు 'లైసెన్సు అయితేనే' అని మెయిల్ పెట్టేశాను. కుదరకపోతే నేనే రిలీజ్ చేస్తాను. పాత_క్యాసెట్ గారూ, ఏడు మాత్రల పాట మొదలుపెట్టాను, పల్లవి వచ్చింది. ఆరో పాటగా చేరుస్తాను.

ఒక్క టెక్నికల్ సందేహం. ఇందులో రెండు పాటలు నిరుడు వేరే డిస్ట్రిబ్యూటర్ ద్వారా సింగిల్స్‌గా పెట్టాను. ఇప్పుడు ఈపీ వేరేవాళ్ల ద్వారా వెళ్తే ఆ పాత ప్లేలు పోతాయా?

నిజాంపేట_డ్రమ్మర్

పోవక్కా, ఒక్కటి జాగ్రత్త పడితే చాలు. ప్రతి రికార్డింగ్‌కి ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాల కోడ్ ఉంటుంది. పాత డిస్ట్రిబ్యూటర్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ రెండు పాటల కోడ్‌లు రాసుకో. కొత్తచోట అప్‌లోడ్ చేసేటప్పుడు 'కొత్త కోడ్ ఇవ్వండి' అన్నది నొక్కకుండా ఆ పాత కోడ్‌లే టైప్ చెయ్యి. ఆడియో ఫైల్ కూడా అదే ఉండాలి, మళ్లీ మిక్స్ చేసుంటే అది కొత్త రికార్డింగ్ కింద లెక్క. పాట పేరు, నీ పేరు స్పెల్లింగ్ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఈపీ అన్ని యాప్‌లలో కనిపించి, ఆ రెండు పాటల కింద పాత ప్లేలు చేరాయని చూసుకున్నాకే పాత సింగిల్స్ తీసెయ్యి, ముందు తీయకు. పాతచోట ఏడాది చందా కట్టే పద్ధతైతే అది ఎప్పుడు ముగుస్తుందో కూడా చూసుకో. చందా ఆగితే పాటలు వాటంతటవే దిగిపోతాయి. పల్లవి వాయిస్ నోట్ పంపు, ఆదివారం నుంచి డ్రమ్స్ మొదలుపెడతాను.